డాబా మీద వరిగడ్డి

జనగామ,
మే 17, శనివారం.

రాజీ అక్కకు,

నమస్తే. ఈ ఉత్తరం ఇప్పుడే రాయాల్సి రావడానికి కారణం ఇది. నిన్న జగపతి గారు మా అపార్ట్‌మెంటు తీర్మానాల పుస్తకంలోని ఒక పేజీని ఫోటో తీసి భూపాలపల్లిలో ఒక హాస్టల్ వాళ్లకు పంపారు. మీ బాపు అక్కడ వాచ్‌మెన్ పని అడిగారట. జనగామలో ఎందుకు మానేశాడని వాళ్లు ఫోన్ చేస్తే, జగపతి గారు "నేను చెప్పుడెందుకు, రాసిపెట్టి ఉన్నది" అని ఆ పేజీ పంపారు. ఆ పేజీ రాసింది నేను. అందులో ఉన్నది నిజం కాదు.

మీకు ఫోన్ చేశాను. నాలుగు మెసేజ్‌లు పెట్టాను. మూడో మెసేజ్ నుంచి ఒక్క టిక్కే కనబడుతోంది. మీ బాపు ఆధార్ నకలు మా ఫైల్లో ఉంటే దాని మీది అడ్రసు చూసి రాస్తున్నాను.

నేను నాలుగో అంతస్తులో ఉండే రూపను. మాది బయ్యారం దగ్గరి పల్లె. మా ఇంట్లో బడికి పోయి చదువుకున్నది నేనే మొదలు. ఇక్కడ వ్యవసాయ శాఖలో విస్తరణాధికారిగా పనిచేస్తున్నాను. తెలుగు తప్పుల్లేకుండా రాస్తానని జగపతి గారు తీర్మానాల పుస్తకం నాకు అప్పగించారు. ఆయన మా అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు.

మా బిల్డింగులో కిటికీ ఏసీలు పెట్టనివ్వరు. మూడేళ్ల కింద ఒకరి ఏసీ స్టాండు తుప్పుపట్టి విరిగి, కింద నిలిపిన స్కూటీ మీద పడిందట. అప్పటినుంచి కిటికీకి ఏదీ వేలాడకూడదని రూలు. కూలర్ వీపు కూడా బయటికి రాకూడదు. గది లోపలే పెట్టి తిప్పితే చెమ్మ పట్టి ఇంకా ఉక్కపోస్తుంది. గోడకు రంధ్రం కొట్టి పెట్టే ఏసీకి ఫ్లాటు ఓనరు ఒప్పుకోలేదు. పై అంతస్తు కాబట్టి స్లాబు వేడి మొత్తం మాకే. రెండేళ్లు ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టి ఎండాకాలమంతా ఆఫీసులోనే పొద్దు గడిపి నెట్టుకొచ్చాను.

పోయినేడు ఉపాధి పనిలో మా అమ్మ పుష్పమ్మకు వడదెబ్బ తగిలి ఐదు రోజులు దవాఖానలో ఉంది. అందుకే ఈ ఎండాకాలం ఆమెను పనికి పోనివ్వకుండా నా దగ్గరికి తెచ్చుకున్నాను. వచ్చిన రెండో రోజే "ఇల్లానే ఇది, రొట్టెలు కాల్చే పెంకనా? గీ పెంక మీద కాల్చనీకి నన్ను తోలుకొచ్చినవా?" అంది. డాబాకు సున్నం వేస్తానంటే కొత్త రంగు మీద మరకలు కారతాయన్నారు. కిటికీలకు వట్టివేళ్ల తడకలు కడితే, బయటికి కనబడుతున్నాయి తీసేయమన్నారు.

ఆ తర్వాత డాబా మీద వరిగడ్డి పరిచి నీళ్లు పెట్టడం జరిగింది. ఇల్లు చల్లబడింది. ఏప్రిల్ 27న గాలివాన వచ్చింది. తూములు మూసుకుపోయి డాబా మీద నీళ్లు నిలిచాయి. పైనున్న లిఫ్టు మోటారు గదిలోకి నీళ్లు వెళ్లి లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. జగపతి గారి తల్లి కమలాదేవి గారు అందులో యాభై నిమిషాలు ఇరుక్కుపోయారు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. బయటికి తీసేసరికి స్పృహ లేదు. రెండు రోజులు దవాఖానలో ఉంచారు. ఇప్పుడు బాగానే ఉన్నారు.

మూడు రోజుల తర్వాత మీటింగు జరిగింది. వాచ్‌మెన్ భిక్షపతి ఎవరినీ అడగకుండా గడ్డి పరిచి, తూములు మూశాడని జగపతి గారు చెబితే నేను రాశాను. మీ బాపు సంతకం పెట్టారు. మర్నాడు గది ఖాళీ చేసి వెళ్లిపోయారు.

మీరు ఒప్పుకుంటే హాస్టల్ వాళ్లతో నేనే మాట్లాడతాను.

ఇట్లు,
రూప


రేగొండ,
మే 24.

రూప మేడమ్‌కు,

రాజీ రాసేది. మీ ఉత్తరం అందింది. పోస్టుమ్యాన్ బాపు చేతికే ఇయ్యబోతుంటే నేను గుంజుకున్న. నా ఫోన్ల మీ నంబర్ బంద్ పెట్టిన మాట నిజమే. ఫోన్ల మాట్లాడింది రేపు ఎవరైనా అనలేదనొచ్చు. మీరు మా బాపును కాగితం మీద పడేసిండ్రు. ఏం చెప్పాల్నన్నా కాగితం మీదనే చెప్పుండ్రి.

రెండుసార్లు చదివిన. గడ్డి పరవడం జరిగిందట. నీళ్లు పెట్టడం జరిగిందట. తూములు మూసుకపోయినయట. మీ బిల్డింగుల మనుషులు ఉండరా మేడమ్? అన్నీ వాటంతట అవే అయితయా? నేను పది ఫెయిలై బట్టలు కుట్టుకొని బతికేదాన్ని. అయినా ఒకటి అర్థమైంది. మీ అమ్మకు వడదెబ్బ తగిలింది చెప్పిండ్రు, ఏసీ పెట్టనియ్యరని చెప్పిండ్రు, అంతా మంచిగ చెప్పి, ఎవరు ఏం చేసిండ్రో చెప్పే కాడికి వచ్చేసరికి మీరు ఇంట్ల లేనట్టే రాసిండ్రు.

ఆ గడ్డి ఎవరు తెప్పిచ్చిండ్రు? మీ బిల్డింగుల గొడ్లు లేవు, బర్లు లేవు, బాపు దేని కోసం తెస్తడు? తూముల గుడ్డలు ఎవరు కుక్కిండ్రు? బాపు చేతికి పెన్ను ఇచ్చుకుంట మీరేమన్నరు? అది కూడ రాయుండ్రి.

మా ఇంటి సంగతి అడగలేదు గని చెప్త. బాపు పొద్దుగాల లేస్తడు. అలవాటు కొద్ది వాకిలి ఊడుస్తడు, బండ్లు తుడుస్తడు. మా ఇంటి ముంగట ఉన్నది ఒక్కటే బండి. దాన్నే మూడుసార్లు తుడుస్తడు. మా ఆయన నవ్వి, "మామా, రంగు పోతది" అన్నడు. బాపు నవ్వలేదు. హాస్టల్ వాళ్లు మొదలు "రేపే చేరు పెద్దమనిషీ" అన్నోళ్లు, ఫోటో వచ్చినంక "చూస్తం" అంటున్నరు. మీరు వాళ్లకు ఫోన్ చెయ్యకుండ్రి. ముందుగాల నాకు నిజం రాయుండ్రి.

రాజీ


జనగామ,
మే 29.

రాజీ అక్కకు,

మీరు మేడమ్ అని రాసిన ప్రతిచోటా తగిలింది. తగలాలనే రాశారని తెలుసు.

గడ్డి ఆలోచన నాదే. సున్నానికీ తడకలకూ వద్దన్నారు కాబట్టి మూడోసారి ఎవరినీ అడగలేదు. యాసంగి కోత అయిపోయిన ఒక పొలం నుంచి ట్రాలీ ఆటోలో పదిహేను కట్టలు తెప్పించాను. మిట్టమధ్యాహ్నం అందరి తలుపులూ మూసి ఉన్నప్పుడు భిక్షపతి కాక వాటిని నెత్తిన పెట్టుకుని నాలుగంతస్తులు ఎక్కారు. లిఫ్టులో పొట్టు రాలితే తెలిసిపోతుందని మెట్ల మీదే మోశారు. నేను ముందు నడుస్తూ ఎవరైనా వస్తున్నారేమో చూశాను.

గడ్డి తడిపితే గంటలో ఆరిపోయేది. పోసిన నీళ్లు తూముల్లోంచి పోయేవి. చుట్టూ పిట్టగోడ గట్టులాగా ఉంది కదా, తూములు మూస్తే మడి అవుతుంది, నాట్ల ముందు నిలబెట్టినట్టు నాలుగు వేళ్ల నీళ్లు నిలబెట్టొచ్చు అనుకున్నాను. మా అమ్మ పాత చీర చింపి నాలుగు తూముల్లో నేనే కుక్కాను. కాక చూసి గడ్డం గోక్కున్నారు.

"బిడ్డా, మడి అన్నంక నీళ్లు పోను మడువ ఉండాలె. పొలంల మబ్బు వడితె తింటున్న బువ్వ ఇడిచిపెట్టి ఉరికి, గట్టు తెంపి నీళ్లు ఇడుస్తం. ఈడ ఎవరు ఉరుకుతరు?"

"నేనున్న కదా కాకా."

"అయితే తాళంచెవి నీ దగ్గర్నే ఉంచుకో. నన్ను జగపతి సారు ఎప్పుడు యాడికి తోలుతడో తెల్వది" అని డాబా తాళంచెవి నాకిచ్చారు.

మర్నాటి నుంచి అది వేరే ఇల్లు. అమ్మ మధ్యాహ్నం బండల మీద కొంగు పరుచుకుని నిద్రపోయింది. వచ్చిన ఇరవై రోజుల్లో పగటిపూట ఆమెకు నిద్రపట్టడం అదే మొదటిసారి. నేను ఆమె పక్కన కూర్చుని, ఇంత చదువుకున్నందుకు ఇది చేయగలిగాను అనుకున్నాను.

27న మబ్బు ఎప్పుడు పట్టిందో నేను చూసుకోలేదు. కాక తాళం పగలగొట్టి డాబా ఎక్కి, చీలమండలు మునిగే నీళ్లలో గుడ్డలు గుంజారు. జనం పైకి వచ్చేసరికి ఆయన చేతిలో చీర గుడ్డ ఉంది. అదే అందరికీ సాక్ష్యమైంది. మీటింగులో జగపతి గారు "నీ చేతిలకు ఆ గుడ్డ ఎట్లొచ్చింది?" అని అడిగారు. కాక నావైపు చూశారు. నేను పుస్తకంలోకి చూశాను.

ఎందుకంటే చెబుతాను, ఒప్పుకోమని కాదు. ఈ ఊళ్లో ఇంటి కోసం నేను తొమ్మిది గడపలు తిరిగాను. మంచి ఉద్యోగం, మంచి పిల్ల అంటూనే ఇంటిపేరు అడుగుతారు. ఊళ్లో మీ ఇల్లు ఏ పక్క అంటారు. ఆదివారం ఎక్కడికి పోతావంటారు. ఆ తర్వాత ఇల్లు చుట్టాలకు ఇస్తున్నామంటారు. ఈ ఫ్లాటు ఖాళీగా ఉందని చెప్పిందీ, ఓనరుతో "ఆ పిల్ల పూచీ నాది" అన్నదీ మీ బాపే. అది పోతుందనే భయంతో ఆయన మీదే రాశాను.

ఇక సంతకం సంగతి. కాకకు చదువు రాదని తెలిసి కూడా రాసింది చదివి వినిపించలేదు. నన్ను ఎక్కువగా తినేస్తున్నది అదే. ఏమీ తెలియని మనిషి చేత సంతకం పెట్టించాను.

రూప


రేగొండ,
జూన్ 5.

రూప గారికి,

బాపుకు చదువు రాదని నీకెవరు చెప్పిండ్రు?

నా చిన్నప్పుడు మా ఊర్ల పెద్దోళ్లకు బడి పెట్టిండ్రు. నేను, బాపు ఒక్క పలక మీదనే దిద్దుకున్నం. నేను పది కాడ ఇడిచిపెట్టిన, బాపు ఇడువలేదు. ఇయ్యాల్టికి పేపర్ మొత్తం చదివినంకనే చాయ తాగుతడు. నువ్వు పొద్దుగాల మెట్ల మీద నిలబడి పేపర్ చదివి ఇనిపించేదానివట గదా, రెండేండ్లు. "నాకొచ్చు అని చెప్పకపోతివి బాపూ" అన్న. "ఆ పిల్ల ఎంత సంబరంగ చదువుతదో నువ్వు సూడలె. కాకా గిట్లనట, గట్లనట అని చేతులు తిప్పుకుంట చెప్తది. నాకొచ్చు అంటె చిన్నబోతది" అన్నడు. నువ్వు దిగకముందే చదివి, మల్ల మడత పెట్టి గేటు కాడ ఉంచేటోడట.

నిన్ను తినేస్తున్నది అదే అన్నవు. అది ఇప్పుడు తీసేసుకో. బాపు నువ్వు రాసింది మొదటి అక్షరం కాడికెల్లి ఆఖరు దాక చదివిండు. చదివే సంతకం పెట్టిండు. ఎందుకు పెట్టిండో నేను ఇప్పుడు రాయ.

పెన్ను ఇచ్చుకుంట ఏమన్నవని అడిగిన. చెప్పలేదు. నేనే చెప్త. "హాజరు సంతకం కాకా, ఊరికెనే" అన్నవు. గవే మాటలు.

ఇంకోటి నీకు తెల్వదు. గది ఖాళీ చేసి బాపు నేరుగ మా ఇంటికి రాలేదు. జనగామల్నే మా మేనత్త అండాలు ఇంట్ల ఉన్నడు. పదకొండు రోజులు. ఏం జేస్తున్నవ్ బాపూ అని రోజు ఫోన్ చేసేదాన్ని. "ఆ పిల్ల భయపడ్డది రాజీ. భయం తీరంగనే పిలుస్తది. నేను దూరం పోతె ఎట్ల పిలుస్తది?" అన్నడు. రోజు పొద్దుగాల మీ గేటు ముంగట్నుంచి నడిచి, ఎదురుంగ చాయ హోటల్ల కూసునేటోడు. బండి మీద పోతుంటె నువ్వు రెండుసార్లు చూసినవట. ఒకసారి తల ఊపినవట.

పన్నెండో రోజు బస్సు దిగి వచ్చి, "పిలవది" అని ఒక్క మాట అన్నడు. మల్ల నీ పేరు ఎత్తలేదు.

రాజీ


బయ్యారం, మహబూబాబాద్ జిల్లా,
జూన్ 11.

రాజీ అక్కకు,

తల ఊపాను. నిజమే. ఆ తర్వాత వారం రోజులు వెనక గేటు నుంచి ఆఫీసుకు వెళ్లాను.

మీ ఉత్తరం చదివాక చాలాసేపు పేపర్ల గురించే ఆలోచించాను. రెండేళ్లు నేను ఏం చదివి వినిపించానో, కాక ఏ మాటకు నవ్వారో, మధ్యలో నేను ఒక ఊరి పేరు తప్పు చదివితే ఆయన పక్కకు చూసి ఎందుకు దగ్గారో ఇప్పుడు తెలుస్తోంది. చదువు రాని మనిషిని మోసం చేశానని నెలరోజులు బాధపడ్డాను. ఆ బాధలో కూడా నేను ఆయనకంటే పైమెట్టు మీదే నిలబడి ఉన్నాను.

అమ్మకు ఇన్నాళ్లూ ఏమీ చెప్పలేదు. కాక ఊరికి పోయాడని చెప్పాను. ఇక్కడ రెండు వానలు పడ్డాయి, పోదామని అమ్మ అంటే నిన్న తీసుకొచ్చాను. ఇల్లు చేరాక చెప్పాను. నాయిన శామ్యూల్ మంచం మీద నులక బిగిస్తున్నవాడు చేయి ఆపేశాడు. అమ్మ మాత్రం బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది.

"నాకు సల్లగ కావాల్నని నేను అడిగిన్నా?" అంది చివరికి.

"అడగలేదవ్వా."

"ఆ ముసలాయన గడ్డి మోసుకొస్తె నేను మజ్జిగ ఇచ్చిన. పోంగ పోంగ 'పుష్పమ్మా, ఇగ నిద్రవో' అన్నడు. ఆయన పేరు ఖరాబు చేసి ఆ సల్లదనంల నన్ను పండవెట్టినవా?"

అమ్మ బియ్యం చాట పక్కన పెట్టింది.

"మేం వేలిముద్రగాళ్లమని నిన్ను చదివిచ్చినం. ఇంకొకడు మా మీద ఏం రాసినా తెల్వదు, నా బిడ్డకు తెలుస్తది అనుకున్న. ఆ ఇంకొకడివి నువ్వే అయినవ్."

తర్వాత అమ్మ ఒక ప్రశ్న అడిగింది. అది ఇక్కడ రాయలేకపోతున్నాను. రాస్తాను, కొంచెం సమయం ఇవ్వండి.

మీరు వద్దన్నా హాస్టల్ వాళ్లకు నా పేరుతో ఒక ఉత్తరం పంపాను. వాళ్లు ఫోన్ చేశారు. "నువ్వెవరమ్మా, అపార్ట్‌మెంటు వాళ్ల దస్తావేజు మాకున్నది. వాళ్లే రాసివ్వాలె" అన్నారు. నాకు ఇక ఒకటే తోస్తోంది. ఈ ఆదివారం రేగొండ వస్తాను. కాక కాళ్ల మీద పడతాను. ఇంట్లోకి రానివ్వకపోతే బయటే కూర్చుంటాను. రమ్మంటారా?

రూప


రేగొండ,
జూన్ 16.

రూపకు,

రాకు. నీ ఉత్తరం ఆదివారం దాటినంక అందింది, నువ్వు రాలేదు గనుక మంచిదే అయ్యింది.

నువ్వొస్తవు, ఏడుస్తవు. బాపు ఏమంటడో నాకెరుక. "ఊకో బిడ్డా, అయిపాయె, బువ్వ తిను" అంటడు. నీకు ఆన్నే తీరిపోతది. బువ్వ తిని బస్సెక్కుతవు. బాపు మల్ల నా బండి తుడుసుకుంట కూసుంటడు. బాపు తలవంచుకొని నిలబడ్డది మా ఇంట్ల కాదు. ఆ పన్నెండు ఇండ్లోళ్ల ముంగట. ఏడువాల్నంటె ఆడ ఏడువు.

బాపు ఎందుకు సంతకం పెట్టిండో రాయ అన్న. ఇప్పుడు రాస్త. మీ అమ్మ మాటలు చదివినంక రాయకుంట ఉండబుద్ధి కాలేదు.

మీటింగు నడుమల బాపు మెట్ల మీదికొచ్చి నాకు ఫోన్ చేసిండు. మెల్లగ మాట్లాడిండు. "రాజీ, అంతా నా మీదికి రాసింది ఆ పిల్ల. నిజం చెప్పనా?" అన్నడు. నా మిషన్ మీద పెండ్లోళ్ల జాకెట్లు ఆరు ఉన్నయి. తెల్లారితే ఇయ్యాలె. "పెద్దోళ్లతోని మనకెందుకు బాపూ, సంతకం పెట్టి ఇంటికి రా" అన్న. అర నిమిషం గూడ మాట్లాడలేదు. సంతకం పెట్టుమన్నది నేను.

నీ నంబర్ బంద్ పెట్టింది నీ మీద కోపంతోనే అనుకున్న. నువ్వు ఎత్తంగనే "మీ నాయిన ఎందుకు ఊకున్నడు" అని అడుగుతవేమో అన్న భయం గూడ ఉండె. బాపు ఒక్కసారి గూడ "నువ్వే అన్నవు గదనే" అనలేదు. అననందుకే నాకు బువ్వ పోతలేదు.

హాస్టల్ వాళ్లు జులై ఒకటిన ఇంకో మనిషిని పెట్టుకుంటరట. ఆ లోపల అపార్ట్‌మెంటు కాగితం వస్తె బాపును తీసుకుంటం అన్నరు. పని సంగతి అట్ల ఉండనీ. మొన్న హాస్టల్ల ఒకాయన, "నువ్వే గదా లిఫ్టుల ముసలామెను సంపబోయినోనివి" అన్నడట. బాపు ఆడికెల్లి నడిసే ఇంటికొచ్చిండు.

మీటింగు పెట్టిపియ్యి. నీతోని అయితదా కాదా, అది రాయి.

రాజీ


జనగామ,
జూన్ 19, గురువారం.

రాజీ అక్కకు,

మీ ఉత్తరం అందిన రోజే జగపతి గారి ఇంటికి వెళ్లాను. మొత్తం చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను. తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి మాట్లాడారు.

"చూడమ్మా, కొత్త వాచ్‌మెన్ వచ్చిండు. లిఫ్టు బాగైంది. నువ్వు సర్కారు నౌకరి చేసే పిల్లవు, నీ పేరెందుకు పాడు చేసుకుంటవ్? రాసింది రాసినట్టు ఉండనీ."

"భిక్షపతి కాక పేరు పాడైంది సార్."

"వాచ్‌మెన్లకు పేర్లేందమ్మా, ఇంకో దగ్గర దొరుకుతది."

లోపలి గదిలోంచి కమలాదేవి గారు చేతికర్ర పట్టుకుని వచ్చారు. అంతా విన్నారట. నన్ను కిందినుంచి పైకి చూశారు.

"నన్ను ఆ డబ్బాల పెట్టి ఉడకబెట్టింది నువ్వా?"

"నేనేనమ్మా."

"భిక్షపతి గాదా? నేను ఇన్ని దినాలు వాణ్ని తిట్టుకుంట పూజ చేస్తున్న గదే!" అని, కొడుకు వైపు తిరిగి, "మీటింగు పెట్టురా. నేను గూడ వస్త. మెట్లెక్కే వస్త, లిఫ్టు ఎక్క" అన్నారు.

మీటింగు జూన్ 29, ఆదివారం పొద్దున పది గంటలకు. ఫ్లాటు ఓనరుకు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆయన నెలాఖరుకు ఖాళీ చేయమన్నారు. ఇల్లు వెతుకుతున్నాను. అది మీరు పట్టించుకోవాల్సిన సంగతి కాదు, దాచానని తర్వాత అనిపించకూడదని రాశాను.

మీటింగులో చదివి, అదే తీర్మానాల పుస్తకంలో నా చేత్తో రాయబోయేది ఇది. అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. విడిగా రాయడానికి మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

"నేను, రూప, తండ్రి శామ్యూల్, నాలుగో అంతస్తు. ఏప్రిల్ 30 నాటి తీర్మానంలో భిక్షపతి గురించి నేను రాసింది అబద్ధం. డాబా మీద గడ్డి పరిపించింది నేను. తూముల్లో గుడ్డలు కుక్కింది నేను. మబ్బు పడితే వాటిని తీస్తానని చెప్పి డాబా తాళంచెవి తీసుకున్నది నేను. ఏప్రిల్ 27 మధ్యాహ్నం మూడున్నరకు మబ్బు పట్టడం చూశాను. చూసుకోలేదని ఇంతకుముందు ఒకరికి రాశాను, అదీ అబద్ధమే. మా అమ్మ లేచి తూముల సంగతి గుర్తు చేసింది. ఇల్లు చల్లగా ఉంది, ఇంకో పది నిమిషాలు ఉండనీ అని పడుకున్నాను. వాన మొదలయ్యాక భిక్షపతి తాళంచెవి కోసం వచ్చి మా తలుపు కొట్టాడు. పేరు పెట్టి పిలిచాడు. నాకు వినబడింది. నేనేం చేశానో అందరికీ తెలిసిపోతుందని తలుపు తీయలేదు. ఎవరో కొడుతున్నారని అమ్మ అంటే గాలికి అని చెప్పాను. ఆయన కిందికి వెళ్లి గునపం తెచ్చి తాళం పగలగొట్టేలోపు లిఫ్టు ఆగింది. నేను తలుపు తీసి ఉంటే కమలాదేవి గారు అందులో ఇరుక్కునేవారు కాదు. ఏప్రిల్ 30న భిక్షపతికి హాజరు సంతకమని చెప్పి ఈ పుస్తకంలో సంతకం పెట్టించాను. ఆయన చేసిన తప్పు ఒక్కటీ లేదు."

ఆ రోజు తలుపు కొట్టింది ఆయనేనా అని అమ్మ అడిగింది. అవునన్నాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు.

సంతకం మీరు పెట్టమన్నారని రాశారు. ఆ మాట నేను ఈ కాగితంలో చేర్చలేదు, మీటింగులో చెప్పను. తలుపు తీయనిదాన్ని నేను. మీకు ఎప్పుడైనా కాకతో చెప్పుకోవాలనిపిస్తే అది మీ ఇద్దరి మాట.

ఈ కాగితం కాకకు ఇచ్చి చదవమనండి. ఎక్కడైనా తక్కువ చేసి రాశానని అనిపిస్తే కొట్టేసి పక్కన రాయమనండి. నన్ను తిట్టాలంటే అదీ రాయమనండి, చదువుతాను. మీటింగయ్యాక పన్నెండు ఇళ్ల సంతకాలతో హాస్టల్‌కు కాగితం ఇస్తామని జగపతి గారు తల్లి ముందు ఒప్పుకున్నారు. దాన్ని 30వ తేదీన నేనే భూపాలపల్లి తీసుకెళ్లి ఇస్తాను. మీ ఇంటికి రాను.

కాక మీటింగుకు వస్తారా? రావాలని అడిగే మొహం నాకు లేదు. కానీ ఆయన లేకుండా నేను ఇది చదివితే, మళ్లీ ఆయన గురించి ఆయన వెనక మాట్లాడినట్టే అవుతుందేమోనని భయంగా ఉంది. వస్తే ముందుగా ఆయన మాట్లాడి, తర్వాత నేను చదవాలని జగపతి గారితో చెప్పి ఉంచాను. రాకూడదనుకుంటే రానని ఒక్క ముక్క ఆయన చేతిరాతతోనే రాయించండి. కాగితం మీద ఆయన మార్పులతో, వస్తారో రారో అన్న మాటతో, మీ జవాబు జూన్ 26, గురువారం లోపు నాకు చేరేలా పంపండి.

రూప